అరిసెల సరంజామా: ఏది కొనాలి, ఏది ఇంట్లోనే చేసుకోవాలి

ధనుర్మాసం వచ్చిందంటే సూపర్ మార్కెట్ల అరల్లోనూ ఆన్‌లైన్ దుకాణాల్లోనూ అరిసెల సరుకు దిగిపోతుంది. ఇన్‌స్టంట్ అరిసెల పిండి, పాకానికి పనికొచ్చే బెల్లం పొడి, వేయించుకోవడమే తరువాయి అన్నట్టుండే చలిమిడి ముద్దలు, అరిసెలు ఒత్తే చెక్కలు, స్టీలు గరిటెల జతలు. దాదాపు ప్రతి ప్యాకెట్టు మీదా అమ్మమ్మ చేతి రుచి అనే మాట ఉంటుంది. ఆ మాటకు ఏది ఎంత దగ్గరగా వస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

తొందరలో ఉన్నవాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నాం. పొడి పిండి ప్యాకెట్టు కొనొద్దు. బెల్లం కొనేముందు నోట్లో వేసుకుని చూడండి. చెక్కలు కొనుక్కోండి, పదేళ్లు వస్తాయి. సిద్ధం చలిమిడి మనిషిని బట్టి, ఊరిని బట్టి. ఖర్చు పెట్టదలిస్తే వంటింటి థర్మామీటరు మీద పెట్టండి, అరిసెల పేరు రాసి లేకపోయినా అరిసెలకు అంతకన్నా పనికొచ్చే పరికరం లేదు.

అంతకంటే ముందు మీ ఇంటి అరిసె ఎలాంటిదో తేల్చుకోవాలి. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని పంచే ఇళ్లలో ఆ అరిసె మెత్తగా, మందంగా ఉంటుంది. సారెలో పెట్టే అరిసె వెడల్పుగా ఉండి, నెల రోజులు నిలవ ఉండేలా నూనె బాగా ఒత్తేసి ఉంటుంది. కొన్ని ఇళ్లలో నువ్వులు పాకంలోనే కలిపేస్తారు. కొన్ని ఇళ్లలో ఒత్తేటప్పుడు పైన అద్దుతారు, లేదా గసగసాలు అద్దుతారు. చిన్నప్పుడు తిన్న రుచి రాలేదని బాధపడేవాళ్లలో చాలామంది కొలతలు తప్పినవాళ్లు కారు, వేరే ఇంటి అరిసెను చక్కగా చేసినవాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మూడే ప్రశ్నలు అడగండి: కేజీ బియ్యానికి బెల్లం ఎంత, నువ్వులు లోపలా పైనా, నూనె తీశాక గట్టిగా ఒత్తేవారా తేలిగ్గానా. కేజీకి అరకేజీ బెల్లమైతే కరకరలాడే అరిసె, ముప్పావు కేజీ అయితే మెత్తటి అరిసె. పాత కాగితాల్లో కుంచాలూ వీశెలూ కనిపిస్తే, వీశె అంటే సుమారు కేజీ నాలుగు వందల గ్రాములని లెక్కేసుకోవచ్చు. కుంచం మాత్రం ప్రాంతానికో తీరు. ఆ ఇంటి కుంచమో తవ్వో దొరికితే దాంతోనే బియ్యం కొలిచి తూకం వేయడం మేలు.

పిండి ప్యాకెట్టు సంగతి

అరిసెకు ప్రాణం పిండిలో ఉన్న తడి. బియ్యాన్ని రోజంతా నానబెట్టి, వడగట్టి, ఇంకా తడి ఉండగానే ఆడించిన పిండి అది. నానిన గింజ మెత్తబడి ఉంటుంది కాబట్టి మరలో ఎక్కువ వేడెక్కకుండా, గంజి కణాలు పెద్దగా దెబ్బతినకుండా మెత్తగా నలుగుతుంది. కేజీ బియ్యం నాని ఓడిస్తే కేజీంబావు దగ్గర తూగుతుంది. ఆ పావుకేజీ నీరే వేడి పాకం తగలగానే పిండిని కొంత ఉడికించి, ముద్దను సాగేలా చేస్తుంది.

ప్యాకెట్టులోని పిండి పొడిది. పొడిగా ఆడించినప్పుడు గంజి కణాలు పగులుతాయి, పగిలిన కణాలు నీటిని విపరీతంగా పీల్చుకుంటాయి. అవి పీల్చేది పాకంలోని నీటినే. దాంతో పాకం ముదిరిపోయి, చెక్కెర గడ్డకట్టి, చలిమిడి చేతిలో ఇసుకలా రాలుతుంది. ప్యాకెట్టు వెనక రాసిన ప్రకారం పాలు పోసుకుంటూ పోతే ముద్ద కుదురుతుంది గానీ, నూనెలో వేశాక అంచులు పగులుతాయి, లోపల గుల్ల రాదు. అరిసెల పిండి అని పేరు పెట్టి అమ్మేదానికీ మామూలు బియ్యప్పిండికీ పొట్లం మీది బొమ్మ తప్ప తేడా ఉందా అని చూడాలంటే, పదార్థాల జాబితా చదివితే చాలు. చాలావాటిలో బియ్యం అని ఒక్క మాటే ఉంటుంది.

తప్పనిసరై అదే వాడాల్సి వస్తే ఒక దారి ఉంది. అరకేజీ పొడి పిండికి 120 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరిస్తూ రెండు చేతులతో రుద్ది, తడిబట్ట కప్పి రెండు గంటలు ఉంచి, మైదా జల్లెడలో జల్లించండి. పిడికిట్లో బిగిస్తే ముద్దగా నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అలా చేసినా అసలుదానికి పదికి ఆరు మార్కులే.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఒక్క జాగ్రత్త పడాలి. ఆసియా దుకాణాల్లో దొరికే గ్లూటినస్ రైస్ పిండి వేరు, అది బంక బియ్యంతో చేసింది. అరిసె నూనెలో జిగురుగా సాగి, ఒకదానికొకటి అతుక్కుంటుంది. మామూలు పచ్చి బియ్యం నానబెట్టి బలమైన బ్లెండర్‌లో కొద్దికొద్దిగా ఆడించుకోవడమే నయం.

ఇంట్లో చేసుకునేవాళ్లకు బియ్యం ఎంపిక ఇంతే: సన్న బియ్యం కంటే దొడ్డు బియ్యం మేలు, ఉప్పుడు బియ్యం అసలు పనికిరాదు. రేషన్ బియ్యంతో అరిసెలు బాగా వస్తాయని ఇళ్లలో చెప్పుకునేది దొడ్డు రకం గురించే. తెలంగాణలో 2025 నుంచి రేషన్‌లో సన్న బియ్యం ఇస్తున్నారు కాబట్టి అక్కడ ఆ సూత్రం ఇప్పుడు చెల్లదు, దొడ్డు బియ్యం విడిగా కొనుక్కోవాలి. 24 గంటల నానుడులో నీళ్లు కనీసం రెండుసార్లు మార్చండి. మార్చకపోతే పిండికి పులుపు వాసన పడుతుంది, ఎన్ని యాలకులు వేసినా పోదు. ఓడ్చాక నీడలో బట్ట మీద పది, పదిహేను నిమిషాలే ఆరబెట్టాలి. గింజ చేతికి అంటాలి గానీ నీరు కారకూడదు.

మరకు పంపేటప్పుడు తడి బియ్యం ఆడతారా అని ముందే కనుక్కోండి, కొందరు ఆడరు. అంతకుముందు కారం ఆడించిన మర అయితే రెండు గుప్పెళ్ల బియ్యం మొదట ఆడించి ఆ పిండి పారేయాలి. మర నుంచి వచ్చిన పిండి వెచ్చగా ఉంటుంది. డబ్బాలో మూసేస్తే చెమటపట్టి పులుస్తుంది, ఫ్యాను కింద పరిస్తే ఆరిపోతుంది. పళ్లెంలో అయిదు నిమిషాలు వేడి తగ్గనిచ్చి, గిన్నెలో అదిమి, తడిబట్ట కప్పండి. పాకం ఆ రోజే పట్టాలి. కుదరకపోతే గాలి లేకుండా కవరులో కట్టి ఫ్రీజర్లో పెట్టండి, బయట రాత్రంతా ఉంచొద్దు.

బెల్లం

అన్ని సరుకుల్లోకీ దీని దగ్గరే ఎక్కువ మోసపోతాం. ఎందుకంటే రంగు చూసి కొంటాం. పసుపు, బంగారు రంగుల్లో మెరిసే దిమ్మకు ఆ రంగు తరచుగా హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైటు వల్ల వస్తుంది. చెరకు రసం మురికి తేర్చి, రంగు తేల్చడానికి దాన్ని వాడతారు. ముదురు గోధుమ రంగు బెల్లమే అరిసెకు రుచి. రంగు కూడా దానితోనే వస్తుంది, లేతరంగు బెల్లంతో చేసినవాళ్లు అరిసె ఎర్రబడేదాకా నూనెలో ఉంచి గట్టిచేసుకుంటారు.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు పేరు తెలియని ఇల్లుండదు. తెలంగాణలో కామారెడ్డి వైపు, సీమలో చిత్తూరు వైపు కూడా మంచి బెల్లం వస్తుంది. ఊరు పేరుకన్నా మూడు పరీక్షలు ముఖ్యం. ఒక ముక్క నోట్లో వేసుకోండి, ఉప్పగా తగిలితే వద్దు. గోటితో గీకండి, పొడిగా రాలి లోపల చిన్న పలుకులు కనిపించాలి. వేలికి జిగటగా అంటుకుంటూ, అడుగున చెమ్మ కారుతూ ఉంటే అది పోయినేటి సరుకు. తేమ తగిలిన పాత బెల్లంలో చెక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారి ఉంటుంది. అలాంటి బెల్లానికి ఉండ పాకం వచ్చినట్టే కనిపించి, పిండి కలిపాక జారిపోతుంది. ఎంత పిండి వేసినా ముద్ద కుదరడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు పాకాన్ని కాదు, బెల్లాన్ని అనుమానించాలి.

బెల్లం పొడి ప్యాకెట్ల మీద మా అభిప్రాయం మరీ చెడ్డదేమీ కాదు. రాళ్లూ పీచూ ఉండవు, తూకం తేలిక. దిమ్మకన్నా తేమ తక్కువ కాబట్టి ముప్పావు కేజీ దిమ్మ బెల్లానికి 100 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, దీనికి మరో పాతిక పోయాలి. కొనేముందు లేబులు చూడండి: చెరకు రసం అని మాత్రమే ఉండాలి. చక్కెర కలిపినట్టు రాసి ఉంటే అరిసె చల్లారాక రాయవుతుంది. దిమ్మ బెల్లమైతే కరిగించాక తప్పకుండా వడకట్టాలి. ఒక్క ఇసుక రేణువు పంటికింద పడిందంటే ఆ అరిసె రుచి ఎవరికీ గుర్తుండదు, ఇసుకే గుర్తుంటుంది.

థర్మామీటరు, పాకం

అరిసెలో తప్పులన్నీ వచ్చేది ఈ నాలుగు నిమిషాల్లోనే. కరిగి, వడకట్టిన బెల్లం మళ్లీ పొయ్యెక్కించి మధ్యస్థ మంట మీద మరిగిస్తే మొదట పెద్ద నురగ వస్తుంది, తర్వాత బుడగలు చిన్నవై చిక్కబడతాయి. అప్పటినుంచి ప్రతి అర నిమిషానికీ పళ్లెంలోని చన్నీళ్లలో చుక్క వేసి చూడాలి. చుక్క కరిగి నీళ్లలో కలిస్తే లేతది. వేళ్లతో దగ్గరికి తోస్తే మెత్తటి ఉండ అయి, నొక్కితే అణిగితే అది అరిసె పాకం. ఉండను పళ్లెం మీద వేస్తే టంగుమని మోగితే అది చిక్కీ పాకం, దాటిపోయారు.

చేతి అలవాటు లేనివాళ్లకు ఈ మూడింటి మధ్య తేడా అందేలోపు పాకం ముదురుతుంది. అందుకే సూది మొన ఉండే డిజిటల్ థర్మామీటరు. తీర ప్రాంతంలో 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య దింపాలి. హైదరాబాదు ఎత్తు మీద నీళ్లే దాదాపు రెండు డిగ్రీల ముందు మరుగుతాయి కాబట్టి 110 నుంచి 113 చాలు. మొన గిన్నె అడుగుకు తగలకూడదు, తగిలితే అంకె పెరిగి చూపిస్తుంది. బెల్లం బెల్లానికీ తేడా ఉంటుంది గనుక అంకె దగ్గరపడగానే చన్నీళ్ల పరీక్ష కూడా చేయండి, రెండూ కుదిరితేనే దింపండి. తుపాకీ ఆకారంలో ఉండి దూరం నుంచి వేడి చూసేవి దీనికి వద్దు, అవి నురగ వేడిని చూపిస్తాయి.

మెత్తటి అరిసె కావాలంటే 112 దగ్గర, కరకరలాడాలంటే 115 దగ్గర. ఇంటింటికీ రుచి మారేది ఈ మూడు డిగ్రీల్లోనే, పెద్దవాళ్లు దీన్ని బుడగ చూసి పట్టేవారు.

మంట ఆపి, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, పిండిని దోసెళ్లతో జారవిడుస్తూ ఒకరు పోయాలి, ఒకరు తెడ్డుతో తిప్పాలి. ఒంటరిగా చేసేవాళ్లు అరకేజీకి మించి పెట్టుకోకూడదు. నాన్‌స్టిక్ గిన్నె ఈ తిప్పుడుకు తట్టుకోదు, అడుగు మందమున్న ఇత్తడి గిన్నెగానీ ఇనుప మూకుడుగానీ కావాలి. పిండి మొత్తం వేయాలన్న నియమం లేదు. తెడ్డు నుంచి ముద్ద బద్దలుగా, నెమ్మదిగా జారుతున్నప్పుడు ఆపేయండి, చల్లారాక ఇంకా బిగుస్తుంది. చివరి గుప్పెడు పిండి ఎప్పుడూ పక్కన ఉంచుకోండి. మొదటి అరిసె నూనెలో విచ్చిపోతే పాకం లేతదన్నమాట, ఆ గుప్పెడు అప్పుడు కలపాలి. పగిలి, రాలుతుంటే ముదిరింది: వేడి పాలు చెంచా చెంచాగా చిలకరించి మర్దించండి. ముదిరినదాన్ని బాగు చేయొచ్చు గానీ లేతదానికి పిండి పెంచిన కొద్దీ తీపి తగ్గుతుంది, అది గుర్తుంచుకోవాలి.

సిద్ధం చలిమిడి

మిఠాయి దుకాణాల్లో, హోమ్ ఫుడ్స్ పేరుతో నడిచే చిన్న వంటశాలల్లో కేజీల లెక్కన దొరుకుతుంది. పాకం భయం ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలైన సరుకు, తయారైన రోజు తెలిస్తే. కొనేముందు చిన్న ఉండ చేసి అరచేతిలో నొక్కండి. అంచు పగలకుండా పల్చబడి, చేతికి నెయ్యి మెరుపు మాత్రమే అంటాలి. పులుపు వాసన ఉంటే నానుడు నీళ్లు మార్చలేదన్నమాట. మరీ తెల్లగా ఉంటే బెల్లం తగ్గించి చక్కెర వేశారేమో అడగండి. ఫ్రిజ్‌లో పెట్టింది గట్టిగా ఉందని పాలు పోయొద్దు, గది వేడికి వచ్చాక నెయ్యి చేత్తో మర్దిస్తే దానంతటదే మెత్తబడుతుంది. ఆన్‌లైన్‌లో నాలుగైదు రోజుల ప్రయాణం చేసి వచ్చేదాన్ని మాత్రం సిఫారసు చేయలేం.

చెక్కలు, గరిటెలు

వేయించడానికి నూనె రెండంగుళాల లోతు, 160 నుంచి 170 డిగ్రీల వేడి. పాకానికి కొన్న థర్మామీటరే ఇక్కడా పనికొస్తుంది. నిమ్మకాయంత, అంటే 40 గ్రాముల ఉండ తీసుకుంటే కేజీ బియ్యానికి 45 నుంచి 50 అరిసెలు దిగుతాయి. అరిటాకు మీద వేళ్లతో ఒత్తి, నూనెలోకి జార్చి, పైకి తేలాక ఒక్కసారి తిప్పాలి. నూనె మరీ కాగితే పైన నల్లబడి లోపల పచ్చి చలిమిడే ఉంటుంది. వేడి చాలకపోతే అరిసె నూనె తాగుతుంది. అనుకున్న రంగుకంటే ఒక ఛాయ ముందే తీయాలి, బయటికొచ్చాక ముదురుతుంది.

తీసిన మరుక్షణం ఒత్తాలి. ఇక్కడే చెక్కలు. స్టీలు చిల్లుల గరిటెల జత చవక, కడగడం తేలిక, కానీ చిన్నవి. అరిసె అంచు బయటికి పొడుచుకొచ్చి మధ్యలో మాత్రమే నూనె కారుతుంది. పిడి అతుకు బలహీనంగా ఉన్నవి నాలుగో వాయికే వంగుతాయి. చెక్కలో వేడి త్వరగా పోదు, అరిసె అంతటా ఒకేలా అణుగుతుంది. కొనేటప్పుడు వేలితో రాసి చూడండి: నున్నగా మెరిస్తే అది వార్నిషు, వేడి నూనెకు కరుగుతుంది, వద్దు. రెండు చెక్కలూ కలిపి వెలుతురుకు ఎత్తిపడితే మధ్యలో సందు కనిపించకూడదు. నూనె జారడానికి గాడులో చిల్లులో ఉండాలి, లేకపోతే పిండిన నూనెను అరిసే మళ్లీ పీల్చుకుంటుంది. చెక్కకున్న లోపం ఒక్కటే: నూనె పీల్చి మరుసటి ఏడాదికి ముక్క వాసన వేస్తుంది. వాడిన రోజే మరిగే నీళ్లతో, శనగపిండితో రుద్ది రెండు రోజులు ఎండబెట్టి దాచాలి.

పూరీ ప్రెస్‌ను కొందరు అమ్మకందారులు అరిసెల ప్రెస్ అని కూడా అంటున్నారు. పచ్చి ఉండను ఒత్తడానికి సరే, రెండువైపులా కవరు వేయాలి. వేయించిన అరిసెను అందులో పెట్టి నొక్కితే ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది.

ఒత్తిన అరిసెలను వార్తాపత్రిక మీద పరిచే అలవాటు మానుకోవాలి, వేడి నూనెకు సిరా అంటుతుంది. ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వద్దనే చెబుతోంది. నూలుబట్ట మీద ఒక్కొక్కటిగా పరిచి, పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పేర్చండి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి వారంలోపే బూజు వస్తుంది. ముప్పావు కేజీ బెల్లం వేసిన మెత్తటివి రెండు, మూడు వారాలు, అరకేజీవి నెలదాకా ఉంటాయి. పదో రోజుకు బిగుసుకున్నవాటిని మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే చాలు, ఇరవై పెడితే చల్లారాక విరగవు. చివర్లో చలిమిడి పలచగా మిగిలి అరిసెగా ఒత్తడానికి రాకపోతే, పచ్చికొబ్బరి ముక్కలు కలిపి ఉండలుగా నూనెలో వదలండి. కోనసీమవాళ్లు వాటిని పాకుండలంటారు, వాటికి చెక్కలూ అక్కర్లేదు.